జీవశాస్త్రంలో పీహెచ్‌డీ సీటు: దరఖాస్తు నుంచి ఇంటర్వ్యూ గది దాకా

“20 మిల్లీమోలార్ ద్రావణం 50 మిల్లీలీటర్లు కావాలి. మీ దగ్గర 1 మోలార్ స్టాక్ ఉంది. ఎంత తీసుకుంటారు?”

పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు సిద్ధమవుతున్న ఒక అమ్మాయిని నేను అడిగిన మొదటి ప్రశ్న ఇది. అప్పటికే ఆమెకు జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది, ర్యాంకూ మంచిదే. జవాబు 1 మిల్లీలీటరు. దాన్ని తీసుకుని నీళ్లతో 50 దాకా నింపితే సరిపోతుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో వారానికి రెండుసార్లు చేసిన పనే. అయినా ఆమె పెన్ను కోసం వెతుక్కుంది, ఆ తర్వాత “కాలిక్యులేటర్ వాడవచ్చా సార్?” అని అడిగింది. తొమ్మిది నెలలు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గైడ్లతోనే గడిపిన మనిషికి పిపెట్టు కాస్త దూరమైపోయింది, అంతే.

నెట్ మిమ్మల్ని గుమ్మం దాకా తీసుకెళ్తుంది. లోపల కూర్చున్నవాళ్లు చూసేది వేరు. మీ చేత్తో మీరు చేసిన పని మీకు ఎంతవరకు అర్థమైందో వాళ్లకు కావాలి. ఈ రెండింటికీ ఒకేసారి సిద్ధం కావడం ఎలాగో, మధ్యలో కాగితాల దగ్గర ఎక్కడెక్కడ కాలు జారుతుందో వరుసగా చెబుతాను.

ముందు అర్హత, తర్వాత పరీక్ష

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులుంటే పీహెచ్‌డీకి దరఖాస్తు చేయవచ్చు. నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లు పీజీ లేకుండానే రావచ్చు గానీ 75 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. పెద్ద సంస్థలు అంతకంటే ఎక్కువ అడగవచ్చు కాబట్టి ప్రతి నోటిఫికేషనూ విడిగా చదవాలి.

సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్ పేరుకు జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి జరుగుతుంది. తేదీలు జరుగుతూ ఉంటాయి కాబట్టి ఆ నెలలనే నమ్ముకుని ప్రణాళిక వేసుకోకండి. లైఫ్ సైన్సెస్ పేపరులో ఏ, బీ, సీ అని మూడు పార్టులు, మొత్తం 145 ప్రశ్నలు ఇస్తారు, 75 రాస్తే చాలు. అసలు కిటుకంతా పార్ట్ సీలో ఉంది. అక్కడ 75 ప్రశ్నల్లో 25 మాత్రమే ఎంచుకోవాలి, ఒక్కోదానికి 4 మార్కులు. అంటే మొత్తం 200లో సగం ఆ పాతికలోనే ఉన్నాయి. తప్పు జవాబుకు నాలుగో వంతు కోత. 13 యూనిట్లూ చదివేయాలని బయల్దేరి, ఏదీ లోతుగా చదవకుండా పరీక్షకు వెళ్లినవాళ్లను చాలామందిని చూశాను. మాలిక్యులర్ బయాలజీ, సెల్ బయాలజీ, జెనెటిక్స్, ఇమ్యునాలజీ, ప్రయోగ పద్ధతులు, ఇంకా మీకు నచ్చిన ఒకటి రెండు విభాగాలు గట్టిగా పట్టుకోండి. మిగిలినవి పార్ట్ బీకి సరిపడా చూసుకుంటే చాలు.

2024 నుంచి నెట్ ఫలితాలు మూడు తరగతులుగా వస్తున్నాయి. మొదటి తరగతికి జేఆర్‌ఎఫ్ దక్కుతుంది. రెండోది అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశానికి పనికొస్తుంది. మూడోది పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే. చివరి రెండు తరగతుల వాళ్లకు విశ్వవిద్యాలయాల్లో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఇస్తారు. ఆ స్కోరు ప్రవేశానికి ఒక సంవత్సరమే చెల్లుతుంది. ఫలితం రాగానే కాస్త విశ్రాంతి తీసుకుందామని ఊరెళ్లి కూర్చుంటే ఆ ఏడాది కరిగిపోతుంది.

జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)గా 42,000. ఇంటి అద్దె భత్యం వేరు. 2023 జనవరి నుంచి ఈ మొత్తాలు అమల్లో ఉన్నాయి. సొంత ఫెలోషిప్‌తో వచ్చే విద్యార్థిని తీసుకోవడం గైడుకు, అంటే పరిశోధనను పర్యవేక్షించే ప్రొఫెసరుకు, తేలిక, అందుకే జేఆర్‌ఎఫ్‌కు అంత విలువ.

నెట్ ఒక్కటే దారి కాదు. గేట్‌లో బయోటెక్నాలజీ, లైఫ్ సైన్సెస్, ఎకాలజీ–ఎవల్యూషన్ పేపర్లున్నాయి, ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) వారి బెట్ పరీక్ష ద్వారా డీబీటీ ఫెలోషిప్ వస్తుంది. టీఐఎఫ్‌ఆర్, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ వంటి పరిశోధన సంస్థలకు జేజీబిల్స్ అనే ఉమ్మడి పరీక్ష ఉంది. బట్టీ పట్టేవాళ్లకు అది కొరకరాని కొయ్య. ఒక గ్రాఫ్ ఇచ్చి, దీన్నిబట్టి ఏం చెప్పగలవు, ఏం చెప్పలేవు అని అడిగే తరహా. నెట్ చదివి విసిగినవాళ్లు దాని పాత పేపర్లు ఒకసారి తిరగేయండి, ఇంటర్వ్యూకు అంతకంటే మంచి సాధన నాకు తెలియదు. పీజీలో విశ్వవిద్యాలయం మొదటి ర్యాంకు వచ్చినవాళ్లు ఇన్‌స్పైర్ ఫెలోషిప్ సంగతి మరిచిపోకండి. మన దగ్గర ఆ ర్యాంకు తెచ్చుకుని, పతకం గోడకు తగిలించి, ఫెలోషిప్‌కు మాత్రం దరఖాస్తు చేయనివాళ్లు ఉన్నారు.

సంస్థ పేరు కన్నా ల్యాబు ముఖ్యం

హైదరాబాద్‌లోనే ఎన్ని తలుపులున్నాయో చూడండి. హబ్సిగూడలో 1977లో మొదలైన సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం), గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం వారి స్కూల్ ఆఫ్ లైఫ్ సైన్సెస్, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, గోపన్‌పల్లిలో టీఐఎఫ్‌ఆర్. తిరుపతిలో ఐసర్ ఉంది. ఉస్మానియా, ఆంధ్రా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలు సరేసరి. సీసీఎంబీ వంటి సీఎస్‌ఐఆర్ ప్రయోగశాలల్లో పనిచేసేది అక్కడైనా, పట్టా ఇచ్చేది ఏసీఎస్‌ఐఆర్ అనే అకాడమీ. అక్కడ ప్రవేశాలు జనవరి, ఆగస్టు బ్యాచ్‌లుగా జరుగుతాయి, అంటే ఒక బ్యాచ్ తప్పినా ఏడాదంతా ఆగనక్కర్లేదు.

అయితే అయిదారేళ్లు మీరు కాపురం చేసేది సంస్థతో కాదు, ఒక ల్యాబుతో, ఒక గైడుతో. ఆ ల్యాబు నుంచి ఈ మధ్య వచ్చిన రెండు పేపర్లు తెరవండి. మొదటి రచయిత పేరు వెతకండి. విద్యార్థేనా? ఇప్పుడెక్కడున్నారు? ఆ ల్యాబులో చివరిగా థీసిస్ ఇచ్చిన ఇద్దరికి ఎన్నేళ్లు పట్టింది? ఇవి వెబ్‌సైటులో సగం దొరుకుతాయి, మిగతా సగం పాత విద్యార్థులు ఫోనులో చెబుతారు. మెయిల్లో అడిగితే “చాలా మంచి ల్యాబు” అనే జవాబే వస్తుంది. ఫోనులో మాత్రం చెప్పే ముందు ఎంతసేపు ఆగారో వినబడుతుంది.

ఖాళీల లెక్క కూడా తెలుసుకోవాలి. యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు మాత్రమే ఉండవచ్చు. పదవీ విరమణకు మూడేళ్లు కూడా లేనివారు కొత్తవారిని తీసుకోకూడదు. మీరు ఎంతో అభిమానించే పెద్దాయనకు వయసెంతో ముందే చూసుకోవడం అమర్యాద ఏమీ కాదు.

మెయిలు

మనవాళ్లు రాసే మెయిళ్లలో సగం దరఖాస్తులా ఉండవు, దండకంలా ఉంటాయి. మహోన్నతమైన మీ ప్రయోగశాలలో ఈ దీనురాలికి అవకాశమిప్పించండి అన్న ధోరణి. అదే మెయిలు నలభై మందికి వెళ్లిందని చదివేవారికి రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. ఈస్ట్ మీద పనిచేసే ల్యాబుకు రాస్తున్నారనుకోండి, విషయం ఇలా ఉంటే చాలు:

“మీ పేపరులో ఆకలికి గురైన ఈస్ట్ కణాలు తిరిగి కోలుకునే తీరు చదివాను. నాలుగో చిత్రంలో మ్యుటెంట్ కూడా కొంతవరకు కోలుకున్నట్టు కనిపించింది. దానికి మరో జన్యువు సాయం చేస్తోందా అన్నది పరీక్షించారా? ఎమ్మెస్సీలో ఆరు నెలలు ఈస్ట్‌తో పనిచేశాను, జన్యువులు తొలగించిన స్ట్రెయిన్లు సొంతంగా తయారు చేయగలను. జేఆర్‌ఎఫ్ ఉంది. ఆగస్టు బ్యాచ్‌కు మీ దగ్గర ఖాళీ ఉంటుందా?”

అంతే, ఇంగ్లిషులో ఎనిమిది వరుసలు దాటదు. బయోడేటా రెండు పేజీల్లో, పీడీఎఫ్‌లో జతచేయండి. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. రెండోసారీ రాకపోతే వదిలేయండి, అందులో అవమానం ఏమీ లేదు. కొన్ని సంస్థల్లో గైడు కేటాయింపు ప్రవేశం తర్వాతే జరుగుతుంది. అక్కడ మెయిలు వల్ల సీటు రాదు గానీ ఇంటర్వ్యూలో ఆ ల్యాబు గురించి మాట్లాడటానికి మీ దగ్గర సరుకుంటుంది.

కాగితాలు

విసుగు పుట్టించే భాగం ఇదే, సీట్లు పోయేదీ ఇక్కడే.

మొదటిది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమవుతుంది, పాస్‌పోర్టులో వెనక్కి వెళ్తుంది. ఆన్‌లైన్ ఫారంలో పదో తరగతి మెమోలో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లు పోకుండా రాయండి. ఆధార్ వేరేగా ఉంటే పరీక్షల కాలం రాకముందే దిద్దించుకోండి.

రెండోది ఓబీసీ సర్టిఫికెట్. బీసీ–ఏ, బీసీ–డీ అని రాసిన రాష్ట్ర కులధ్రువీకరణ పత్రం కేంద్ర సంస్థల్లో చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, క్రీమీలేయర్‌కు చెందరని స్పష్టంగా ఉన్న పత్రం వేరుగా తీసుకోవాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. మీ కులం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి, స్పెల్లింగుతో సహా. ఈడబ్ల్యూఎస్ వాళ్లయితే పత్రం ఏ ఆర్థిక సంవత్సరానిదో చూడండి. మీసేవలో దరఖాస్తు పెట్టి, ఎమ్మార్వో ఆఫీసు నుంచి వచ్చేదాకా వారాలు పట్టవచ్చు. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే ఆఖరి తేదీ ముందే వచ్చేస్తుంది.

మూడోది మార్కుల లెక్క. సీజీపీఏను శాతంగా మార్చే సూత్రం ఒక్కో విశ్వవిద్యాలయానిది ఒక్కో రకం. మీ మెమో వెనుక అది ముద్రించి లేకపోతే పరీక్షల విభాగం నుంచి కాగితం తెచ్చుకోండి. ఆఖరి సెమిస్టర్ ఫలితాలు రానివాళ్లు ఇప్పటిదాకా ఉన్న మెమోలతోనే దరఖాస్తు చేయవచ్చా అని నోటిఫికేషన్‌లో చూడండి, చాలాచోట్ల చేయనిస్తారు.

మీ గురించి మీరు రాసేది, మీ గురించి సార్ రాసేది

ఉద్దేశ పత్రం (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) ఎప్పుడూ “చిన్నప్పటి నుంచి నాకు జీవశాస్త్రమంటే ఇష్టం” అని మొదలవుతుంది. చిన్నప్పుడు సీతాకోకచిలుకలు పట్టనివాళ్లెవరు? ఆ వాక్యం కొట్టేసి, మీ ప్రాజెక్టులో ఒక ప్రయోగం ఎలా విఫలమైందో, ఎందుకని అనుమానించారో, తర్వాత ఏం మార్చారో రాయండి. “మూడుసార్లు చేసినా ప్రొటీన్ కరగలేదు, కల్చర్‌ను 37 డిగ్రీల నుంచి 18కి తగ్గించి రాత్రంతా పెంచితే నాలుగోసారి కరిగింది” అన్న ఒక్క వాక్యం, పరిశోధన పట్ల మీ అంకితభావం గురించి రాసిన ఒక పేజీ కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇక సిఫారసు లేఖలు. “నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను” అనే ఆచారం మన కాలేజీల్లో బాగా ఉంది. మీరు రాసిన పొగడ్త మీ ఉద్దేశ పత్రం భాషలోనే ఉంటుంది, చదివేవారు ఇట్టే కనిపెడతారు. సార్‌ను మొహమాటపెట్టకుండా ఇలా చేయండి: ఒక పేజీలో మీరు ఆయన దగ్గర చేసిన పని, తేదీలు, వచ్చిన ఫలితం, ఆయన మెచ్చుకున్న సందర్భం, ఆఖరి గడువు రాసి ఇవ్వండి. “సార్, మీకు వీలుగా ఉంటుందని పాయింట్లు రాశాను” అంటే చాలామంది సొంతంగానే రాస్తారు. లేఖ అప్‌లోడ్ చేయడానికి సార్‌కు లింకు వచ్చే మెయిలు ఐడీ కాలేజీ వారి అధికారిక ఐడీ అయితే మంచిది. గడువుకు కనీసం నెల ముందు అడగండి.

ఇంటర్వ్యూ

బోర్డు సాధారణంగా మర్యాదగానే మొదలుపెడుతుంది: “మీ ప్రాజెక్టు గురించి చెప్పండి.” ఇక్కడ మీకు అయిదు నిమిషాలు దొరుకుతాయి, వాటిని కాపాడుకోవాలి. అసలు ప్రశ్న ఏమిటి, దానికి ఏం చేశారు, ఏం తేలింది. స్లయిడ్లు లేకుండా, బోర్డు మీద బొమ్మ వేస్తూ చెప్పగలగాలి. ఇంట్లో ఇంటర్ చదివే తమ్ముడినో చెల్లెలినో కూర్చోబెట్టి తెలుగులో చెప్పి చూడండి. తెలుగులో చెప్పలేని చోటల్లా మీకు అర్థం కాని చోటే.

తర్వాత తవ్వకం మొదలవుతుంది. ప్రొటీన్ ఎంతుందో చూసే వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్ష మీద ఒక మాటామంతీ ఇలా సాగుతుంది.

“ఈ వెస్టర్న్ బ్లాట్‌లో కింద బీటా ఆక్టిన్ ఎందుకు పెట్టారు?”

“కంట్రోల్ కోసం సార్.”

“దేనికి కంట్రోల్?”

“అన్ని వరుసల్లోనూ ప్రొటీన్ సమానంగా లోడ్ చేశామని చూపడానికి.”

“మీరు వాడిన మందు వల్ల ఆక్టినే తగ్గితే?”

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆగడం తప్పు కాదు. “అలాగైతే అది పనికిరాదు సార్, మందుకు మారని వేరే ప్రొటీన్ చూడాలి, లేదా పొర మీదున్న మొత్తం ప్రొటీన్‌కు రంగువేసి పోల్చాలి” అని నెమ్మదిగా ఆలోచిస్తూ పైకి చెబితే బోర్డు ముఖం విప్పారుతుంది. “ప్రోటోకాల్‌లో అలాగే ఉంది” అంటే మాత్రం ముడుచుకుంటుంది.

డిసర్టేషన్ పక్కన పెట్టుకుని ప్రతి చిత్రానికీ ఈ ప్రశ్నలు మీరే వేసుకోండి. ఇందులో కంట్రోల్ ఏది, అది లేకపోతే ఏ పొరపాటు జరిగేది? ఎర్రర్ బార్లు స్టాండర్డ్ డీవియేషనా, స్టాండర్డ్ ఎర్రరా? మూడుసార్లు చేశామని రాశారు సరే, ఒకే ప్లేటులో పక్కపక్కన ఉన్న మూడు గుంటలా (వెల్స్), మూడు వేర్వేరు రోజుల్లో మళ్లీ మొదటి నుంచి చేసిన ప్రయోగాలా? ఈ చివరి ప్రశ్నకు తడబడని విద్యార్థి కనిపిస్తే నాకు ఆ రోజంతా సంతోషంగా ఉంటుంది.

చిన్న లెక్కలు నోటితో చేయడం అలవాటు చేసుకోండి. ఒక్క డీఎన్‌ఏ అణువుతో మొదలుపెడితే, డీఎన్‌ఏకు నకళ్లు తీసే పీసీఆర్‌లో 30 చక్రాల తర్వాత ఎన్నవుతాయి? ప్రతి చక్రానికీ రెట్టింపు. పది చక్రాలకు సుమారు వెయ్యి రెట్లు, కాబట్టి ముప్పైకి వెయ్యి వేల వేలు, అంటే వంద కోట్ల పైచిలుకు. ఖచ్చితంగా 107 కోట్లని ఎవరూ అడగరు. ఎలా వచ్చారో అడుగుతారు. దానికి కొనసాగింపుగా, “నిజంగా అన్ని వస్తాయా?” అని అడిగితే నవ్వి, “రావు సార్, చివర్లో ప్రైమర్లు, ఎంజైము సత్తువ తగ్గిపోతాయి” అనండి.

తెలుగు మీడియంలో చదివి వచ్చామని బెంగపడేవాళ్లకు ఒక మాట. బోర్డులో ఉన్నవాళ్లు ఏటా దేశం నలుమూలల నుంచి వచ్చే యాసలు విని ఉన్నవాళ్లే. చిన్న వాక్యాలు, సరైన సాంకేతిక పదం, బొమ్మ. ఇవి చాలు. తెలియనిది తెలియదని చెప్పి, “కానీ నేనైతే ఇలా ఆలోచిస్తాను” అని ముందుకు సాగండి. ఊహించి చెబుతున్నప్పుడు ఊహ అనే చెప్పండి.

విదేశాలకైతే

అమెరికాలో బయాలజీ పీహెచ్‌డీ దరఖాస్తుల గడువు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తుంది, ఇంటర్వ్యూలు జనవరి, ఫిబ్రవరిలో. చాలా ప్రోగ్రాముల్లో జీఆర్‌ఈ అడగడం మానేశారు. ట్యూషన్ ఫీజు, నెలసరి భత్యం ప్రోగ్రామే భరించడం అక్కడి బయాలజీలో మామూలు, కాబట్టి సొంత డబ్బుతో చేరమంటే అనుమానించండి. మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో తలా కొన్ని వారాలు పనిచేసి, ఆ తర్వాత గైడును ఎంచుకుంటారు. దరఖాస్తు రుసుము మాఫీ ఉందేమో ప్రోగ్రాం కార్యాలయానికి రాసి అడగండి, అడిగినవాళ్లకే దొరుకుతుంది. అక్కడి చాలా విశ్వవిద్యాలయాల ఒప్పందం ప్రకారం ఆర్థిక సాయంతో వచ్చిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 దాకా జవాబివ్వక్కర్లేదు.

ఐరోపాలో పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగం లాంటిది. హైడెల్‌బర్గ్ కేంద్రంగా ఉన్న ఈఎమ్‌బీఎల్, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ స్కూళ్లు, వియన్నా దగ్గరి ఐఎస్‌టీఏ వంటి పరిశోధన సంస్థలు ఒకే దరఖాస్తుతో పలు ల్యాబులకు తలుపు తెరుస్తాయి. వీటిలో దేనికీ అమీర్‌పేట కన్సల్టెన్సీ అవసరం లేదు. అన్నీ వాళ్ల వెబ్‌సైట్లలోనే ఉంటాయి, రాయాల్సింది మీరే.

సీటు వచ్చాక

రెండు మూడు చోట్ల వస్తే, ఒప్పుకునే ముందు ఆ ల్యాబుకు ఒక్క పూట వెళ్లి రండి. గైడుతో అరగంట మాట్లాడండి, కానీ మధ్యాహ్నం క్యాంటీన్‌లో విద్యార్థులతో భోజనం చేయండి. శనివారాలు ఎలా గడుస్తాయి, పేపరులో పేరు ఎలా నిర్ణయిస్తారు, ఆయన ముందు తప్పు జరిగిందని చెప్పుకోగలరా అని అడగండి. ఈ మూడో ప్రశ్నకు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే, రెండో ఆఫర్ లేఖ పారేయకుండా దాచుకోండి.

చేరే రోజుకు ఒరిజినల్ మైగ్రేషన్ సర్టిఫికెట్, టీసీ, ప్రొవిజనల్, జేఆర్‌ఎఫ్ లేఖ సిద్ధంగా ఉంచండి. ఆ లేఖపై చేరడానికి గడువు ఉంటుంది, అదీ చూసుకోండి. ఫెలోషిప్ మొదటి విడత చేతికి రావడానికి నెలలు పట్టడం కొత్తేమీ కాదు. హాస్టల్ మెస్ బిల్లుతో సహా మూడు నెలల ఖర్చు విడిగా పెట్టుకుని బయల్దేరండి.